చేదు చూసే కదిరమ్మ

గిన్నెలోని పొడి మీద నాలుగు చుక్కల నీళ్ళు చిలకరించి, చూపుడువేలితో రెండు సుళ్ళు తిప్పి, కొబ్బరిచిప్ప చెంచా కొసన చిటికెడు ముద్ద తీసి కదిరమ్మ నాలుక చివర పెట్టుకుంది. కళ్ళు మూసుకుని మనసులో పది లెక్కపెట్టింది. ముద్దను నాలుక నడుముకు జరిపి ఇంకో పది, కొండనాలుక కిందికి తోసి ఇంకో పది. ఉమ్మి, పుక్కిలించి, డబ్బాలోంచి బెల్లం ముక్క తీసి బుగ్గన పెట్టుకుని, "కుదిరింది" అంది.

మిక్సర్ దగ్గరున్నవాళ్ళు మూటలు కుట్టడం మొదలుపెట్టారు. ఆమె పక్కనున్న చీటీల కట్టలోంచి ఒకటి చింపి, పసుపు నీళ్ళలో బొటనవేలు ముంచి దాని మీద ముద్ర వేసి, మేకుకు గుచ్చింది. పొద్దున తొమ్మిది దాటింది. ఇప్పటిదాకా జరిగిందంతా ఇరవైమూడేళ్ళుగా ఎలా జరుగుతోందో అలాగే జరిగింది, ఒక్కటి తప్ప. కదిరమ్మ నాలుకకు ఏమీ తెలియలేదు. చేదూ తెలియలేదు, ఆ తర్వాత పెట్టుకున్న బెల్లమూ తెలియలేదు. తొమ్మిది నెలలుగా తెలియడం లేదు. ఆ సంగతి తనొక్కదానికే తెలుసని ఆమె నమ్మకం.

బెంగుళూరు పీణ్య పారిశ్రామికవాడ రెండో స్టేజీలో ఒకపక్క లేతు మెషీన్ల రొద, ఇంకోపక్క ఇనుప సామాన్లకు రంగు కొట్టే షెడ్డు. ఆ రెండింటి నడుమ ఇరుక్కుని, సందు మొగలోనే వేపాకూ వెల్లుల్లీ వాసన కొట్టే ఈ రేకుల షెడ్డులో చేపలకు మందుమేత తయారవుతుంది. చెరువుల్లో పెంచే చేపలకు మొప్పల్లో పురుగు పడుతుంది. దానికి విషపు మందులు చల్లకుండా వేపాకు, వెల్లుల్లి, వాము, పసుపు, పరంగి విత్తు ఎండబెట్టి పొడిచేసి, తవుడుతో కలిపి మేతలో పెడతారు. పరంగి అంటే బొప్పాయి. బెంగుళూరులో పాత కాపురాల తెలుగువాళ్ళకు బొప్పాయి అనే మాట ఉందని కూడా తెలియదు.

ఇందులో ఒక చిక్కుంది. చేదు తగ్గితే పురుగు చావదు, పెరిగితే చేప మేత ముట్టదు. ఆ రెండింటి మధ్య సందు వెంట్రుకవాసి. ఆ సందు ఎక్కడుందో చెప్పడం కదిరమ్మ నాలుక పని. చేదు చూసే కదిరమ్మ అంటే పీణ్యలో ఆ వీధి వీధికంతా తెలుసు. ఆమె మాటమాటకూ 'కుదిరింది' అంటుందని లేతు షెడ్డువాళ్ళు కుదిరమ్మ అని కూడా ఏడిపిస్తారు.

ఆ పని ఆమెకు ఎవరో పిలిచి ఇచ్చింది కాదు. కదిరి పక్క పల్లె నుంచి మొగుడి వెంట వచ్చి, ఇక్కడ ఊడ్చే పనికి చేరింది. అప్పటి యజమాని భుజంగరావు మత్స్యశాఖలో రిటైరై, రెండు రోళ్ళూ ఒక పిండిమరా పెట్టుకుని పని మొదలుపెట్టిన కొత్త. ఒకనాడు కింద ఒలికిన పొడి ఎత్తుతూ కదిరమ్మ వేలు నాకి, "చేదెక్కువైంది సామీ, చేప ఉమ్మేస్తాది" అంది. ఆయన నవ్వాడు. వారం తిరక్కుండా కోలారు నుంచి మూటలు వెనక్కి వచ్చాయి, చేపలు మేత ముట్టలేదని. ఆయన నవ్వడం మాని, ఐదు గిన్నెల్లో ఐదు రకాలుగా కలిపి ఆమె ముందు పెట్టాడు. ఆమె వాటిని చేదు వరుసలో సర్దింది. తారుమారు చేసి పెట్టాడు, మళ్ళీ సర్దింది. ఆవేళ చీపురు ఇంకొకరి చేతికి పోయింది.

నాలుకతో బతకాలంటే నాలుకను కాపాడుకోవాలి. కదిరమ్మ కారం మానేసింది. అనంతపురం జిల్లా మనిషి కారం మానేసిందంటే ఊళ్ళో ఎవరూ నమ్మలేదు, ఏదో మొక్కుకుంది కాబోలనుకున్నారు. ఊరగాయ మానేసింది. తాంబూలం మానేసింది, తమ్ముడి పెళ్ళిలో కూడా వేసుకోలేదు. కాఫీ వేడిగా తాగదు. ఆమె మొగుడు పక్క లేతు షెడ్డులో పనిచేసేవాడు. లోహం తన రుచి తాను కలుపుతుందని భుజంగరావు అంటే, కొబ్బరిచిప్ప అరగదీసి ఆ చెంచా చేసిచ్చింది అతనే. చెంచా అయితే చేసిచ్చాడుగానీ, ఇంట్లో కూర మాత్రం అతని గొంతు దిగేది కాదు. "సున్నం నీళ్ళు మింగినట్టుండాది" అనేవాడు. పళ్ళెం పక్కన పచ్చిమిరపకాయ పెట్టుకుని, దాన్ని కొరుక్కుంటూ తినేవాడు. జబ్బుపడి మంచమెక్కాక మిరపకాయ తొక్కు కావాలన్నాడు. ఆమె రోట్లో నూరి పెట్టింది, నోట్లో మాత్రం వేసుకోలేదు. మర్నాడు పొద్దున నాలుగు బ్యాచ్‌లు చూడాలి మరి. అతను ఒక ముద్ద తిని, "ఉప్పు చాల్లేదు" అన్నాడు. ఆ వారమే పోయాడు. తొమ్మిదేళ్ళయినా ఆ ఉప్పు ఆమెను వదల్లేదు.

పిల్లలు లేరు. లగ్గెరెలో ఒక్క గది, బస్సు, షెడ్డులో ఈ బల్ల. ఇంతే లోకం. కానీ బల్ల ముందు కూర్చుంటే ఆమె అణా కాసంత మనిషి కాదు. ఆమె తల ఊపితే లారీ కదులుతుంది, ఊపకపోతే ఆగుతుంది. అంత అధికారం లగ్గెరెలో ఇంకే ముసలిదానికి ఉంది?

శివరాత్రి వెళ్ళాక పదిరోజులు జ్వరం వచ్చింది. జ్వరం దిగింది, దాంతోపాటు రుచి కూడా దిగిపోయింది. సర్కారు ఆసుపత్రిలో డాక్టరమ్మ నోరు తెరిపించి చూసి, "వస్తే రావచ్చు, వయసైంది కదా" అని ఏవో మాత్రలు రాసింది. మాత్రలు అయిపోయాయి, రుచి రాలేదు. కదిరమ్మ ఎవరికీ చెప్పలేదు. పొడి రంగు చూసి, వేళ్ళ మధ్య నలిపి, వెల్లుల్లి ఘాటు ముక్కుతో పసిగట్టి నెట్టుకొచ్చింది. అన్నిటికంటే పెద్ద ధైర్యం అశ్వత్థప్ప. సరుకు తెప్పించి స్టోరులో పెట్టేది అతనే. తాలు సరుకు అతను గడప దాటనివ్వడు. సరుకు మంచిదైతే కలపడంలో తప్పేముంటుంది, ఏమీ కాదులే అని సర్దిచెప్పుకుంది.

ఒక్కసారి మాత్రం గుండె జారింది. పరంగి పొడి ఏడాదికొకసారి వస్తుంది. ఈసారి ఆయుధపూజ మర్నాడు కొత్త మూట విప్పారు. పరంగి విత్తు నాలుకకు తగిలితే ఆవగింజలా కొరుకుతుంది, కళ్ళలో నీళ్ళు తిప్పుతుంది. ఆ రోజు ఏమీ కొరకలేదు. ఉప్పు పోయింది, చేదు పోయింది, తీపి పోయింది, ఇప్పుడు ఘాటు కూడా పోయిందా దేవుడా అనుకుంది. సాయంత్రం ఇంటికి పోయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. షెడ్డులో మాత్రం అందరి ముందూ, "కుదిరింది" అంది.

ఇది కార్తీకం. పదకొండు గంటలకు షెడ్డు ముందు ఒక గూడ్సు ఆటో ఆగింది. అందులోంచి దిగిన మనిషి పేరు యోహాను. కైకలూరు నుంచి వచ్చి, హొసకోటె అవతల చెరువు కౌలుకు తీసుకుని శీలావతి చేపలు పెంచుతున్నాడు. మూత పెట్టిన బకెట్టు ఒకటి దింపి, యజమాని గదిలోకి పోకుండా షెడ్డు నడుమ, అందరి మధ్యనే పెట్టి మూత తీశాడు. నీచువాసన వేపాకు వాసనను మింగేసింది.

భుజంగరావు కొడుకు శశిధర్ గదిలోంచి బయటికొచ్చాడు. తండ్రి పోయాక షెడ్డు నడుపుతున్నది అతనే. వెనకాలే ల్యాబు చూసే అర్పిత వచ్చింది.

యోహాను అరవలేదు. అరిచినా బాగుండేది. ఒక చేపను తీసి, మొప్ప పైకెత్తి పట్టుకున్నాడు. ఎర్రగా ఉండాల్సిన మొప్ప తెల్లగా పాలిపోయి, జిగురుకట్టి ఉంది.

"ఆరేళ్ళ నుంచి మీ పొడేనండీ వాడేది. ఎప్పుడూ మాట రాలేదు. ఈసారి ఇరవై రోజులు పెట్టానండీ, మేత బ్రహ్మాండంగా తిన్నాయి. అంత ఇష్టంగా ఎప్పుడూ తినలేదు. ఒక్క పురుగు చావలేదు. నిన్న పొద్దున గట్టు మీదికి వెళ్తే నీళ్ళు కనపడలేదండీ నాకు. పొట్టలే కనపడ్డాయి."

ఆ మాటన్నాక అతను బకెట్టు పక్కనే కూలబడ్డాడు. ఎవరో నీళ్ళు తెచ్చిస్తే తాగలేదు, గ్లాసు చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. కదిరమ్మ బల్ల దగ్గర్నుంచి కదల్లేదు. మేత ఇష్టంగా తిన్నాయన్న మాట దగ్గరే ఆమె చెవులు ఆగిపోయాయి. చేదుమేత ఏ చేపా ఇష్టంగా తినదు.

అర్పిత ఆ బ్యాచ్ పొడి తీసుకుపోయి ల్యాబు మెషీన్లో పెట్టి వచ్చింది. "వేప కరెక్టుగా ఉంది సార్, రీడింగ్ చూడండి" అంది. ఆ మెషీన్‌కు వేప చేదు తప్ప ఇంకోటి తెలియదు. తర్వాత స్టోరులో మిగిలిన ముడిసరుకు మూటలు ఒక్కొక్కటే విప్పించింది. పరంగి మూట దగ్గర ఆగి, పొడిని వేళ్ళ మధ్య నలిపి, వేళ్ళకంటిన జిడ్డు చూసి, కొంచెం భూతద్దం కింద పెట్టుకుంది. చాలాసేపు తల ఎత్తలేదు.

"ఇది పరంగి కాదు సార్. కుంబళ."

కుంబళ అంటే గుమ్మడి, దాని విత్తుకు చేదూ లేదు, ఘాటూ లేదు. శశిధర్ అశ్వత్థప్పను పిలిచాడు. అశ్వత్థప్ప ఆర్డరు పుస్తకం చంకన పెట్టుకుని, కళ్ళజోడు తుడుచుకుంటూ వచ్చాడు. అరవైకి రెండేళ్ళు తక్కువ మనిషి. ఎండైనా వానైనా ఒంటి మీద బూడిదరంగు స్వెట్టరు ఉండాల్సిందే. ఎప్పుడూ సరుకు పంపే కోలారు ఆసామి వ్యాపారం మూసేశాడని, ఈసారి కృష్ణగిరి షావుకారుకు ఫోన్ చేసి తెప్పించానని చెప్పాడు. ఏం అడిగావు అని శశిధర్ అడిగితే, "పరంగి విత్తు ఎండబెట్టి పొడి చేసి పంపమన్న్యా సార్" అన్నాడు.

శశిధర్ అక్కడే కృష్ణగిరికి ఫోన్ కలిపి స్పీకరు పెట్టాడు. అవతలాయన తమిళంలో, ఏ తడబాటూ లేకుండా, "పరంగి కేట్టీంగ, పరంగి అనుప్పినేన్" అన్నాడు. పరంగి అడిగారు, పరంగే పంపాను. అర్పిత తల పట్టుకుంది. ఆమె అమ్మమ్మగారిది హోసూరు. తమిళంలో పరంగి అంటే గుమ్మడని ఆమెకు తెలుసు, కానీ ఎవరైనా అడిగితేగా!

"నా యమ్మ పాలు తాగినప్పట్నుంచీ పరంగంటే ఇదే సార్ నాకు," అన్నాడు అశ్వత్థప్ప. "నడమ ఒక కొండ దాటితే అది గుమ్మడైపోతాదని నాకెట్ల తెలుస్తాది?"

షెడ్డులో ఎవరో కిసుక్కుమన్నారు. యోహాను తలెత్తి చూశాడు. ఆ చూపుకు నవ్వు ఆగిపోయింది.

"రేపట్నుంచి నువ్వు రావద్దు అశ్వత్థప్పా," అన్నాడు శశిధర్. కోపంగా కూడా అనలేదు. "సాయంత్రం కీస్ ఇచ్చేసి వెళ్ళు."

అశ్వత్థప్ప పుస్తకం మూశాడు. ఒక్కసారి కదిరమ్మ వైపు చూశాడు. 'నువ్వు నాలుకన పెట్టినావు గదక్కా' అంటాడని ఆమె ఒళ్ళంతా బిగబట్టుకుంది. అతను అనలేదు. తల తిప్పుకుని స్టోరు వైపు నడిచాడు.

మధ్యాహ్నం క్యారియరు విప్పింది కానీ ముద్ద దిగలేదు. దిగినా ఏముంది, తొమ్మిది నెలలుగా అన్నం ఆమెకు తడిపిన కాగితమే. ఎదురుగా బెల్లం డబ్బా ఉంది. చేదు చూసిన నోటికి బెల్లం కావాలని, ఇరవైయేళ్ళుగా నెలనెలా మండ్య బెల్లం తెచ్చి ఆ డబ్బా నింపుతున్నది అశ్వత్థప్ప. మొగుడు పోయిన పదకొండోనాడు ఆమె పనిలోకి వస్తే, ఏమీ మాట్లాడకుండా డబ్బా నింపి పెట్టి పోయిన మనిషి. ఈ వయసులో స్టోరు తాళాలు ఇంకెవరిస్తారు అతనికి? ఇచ్చినా, చేపల్ని చంపినోడు అన్న పేరు వెంట రాదూ? మాట తప్పు అతనిదే కావచ్చు. కానీ తప్పు మూట గడప దాటితే పట్టుకోవడానికే కదా తనక్కడ కూర్చుంది! పరంగికీ గుమ్మడికీ తేడా పట్టడానికి పసిపిల్ల నాలుక చాలు. చెప్తే బల్ల పోతుంది, పేరు పోతుంది, ఇంకేమీ మిగలదు. చెప్పకపోతే అశ్వత్థప్ప పోతాడు. నోట్లో నాలుక లేనిదానిలా ఇంకా ఎన్నాళ్ళు కూర్చుంటావే ముదనష్టపుదానా అని తనను తానే తిట్టుకుని, క్యారియరు మూసి లేచింది.

శశిధర్ గదిలో అర్పిత కూడా ఉంది. కదిరమ్మ గడప దగ్గరే నిలబడి, ఊపిరి తీసుకోకుండా చెప్పేసింది.

"చిన్నసామీ, తప్పు అశ్వత్థప్పది గాదు. నాది. నా నాలుక సచ్చిపోయి తొమ్మిది నెల్లైంది. ఉప్పు తెలీదు, చేదు తెలీదు. ఆ మూట నేను సూసినా. ఏమీ తెలీకనే కుదిరిందని జెప్పినా. పంపాలంటే నన్ను పంపించు. ఆయప్పని ఉండనీ."

శశిధర్ అర్పిత వైపు చూశాడు. అర్పిత నేల చూపులు చూసింది.

"కూర్చో కదిరమ్మా," అన్నాడు. ఇరవైమూడేళ్ళలో ఆ గదిలో ఆమెను కూర్చోమనడం అదే మొదలు. ఆమె కూర్చోలేదు.

"ఎట్ల చెప్పాలో తెలీట్లేదు," అన్నాడు. "నీ టేస్టింగ్ మన ప్రొసీజర్‌లో లేదు. మెషీన్ వచ్చినప్పుడే తీసేశాం. ఐదేళ్ళయింది. నాన్న పోయేముందు, ఆమెని ఆ బల్ల దగ్గర్నుంచి కదిలించొద్దు అన్నాడు. అందుకని ఉండనిచ్చాం, అంతే. నువ్వు కుదిరిందన్నా, కుదర్లేదన్నా బ్యాచ్ వెళ్ళిపోతుంది."

కదిరమ్మకు మాట సరిగా ఎక్కలేదు. "మూడుసార్లు కుదర్లేదన్నా గదా సామీ. మూడుసార్లూ మళ్ళీ కలిపించినారు."

ఈసారి అర్పిత మాట్లాడింది, వచ్చీరాని తెలుగులో, మెల్లగా. "కలపలేదు అమ్మా. మిక్సర్ సుమ్నె ఇంకో పది నిమిషం తిప్పినాం. మీకు బేజారు కాకూడదని."

సుమ్నె అంటే ఊరికే. అర్పిత మంచి పిల్ల, కావాలని నొప్పించే రకం కాదు. ఆ మంచితనమే కదిరమ్మను నిలువునా కోసింది. ఇరవైమూడేళ్ళలో ఐదేళ్ళు ఆమె చిన్నపిల్ల ఆట ఆడింది, మిగిలినవాళ్ళు పెద్దమనసుతో ఆడనిచ్చారు. ఆ ఐదేళ్ళలో నాలుగేళ్ళకు పైగా నాలుక బంగారంలా పనిచేసింది. దాని మాట ఎవరూ వినలేదు. అది చచ్చిందని తొమ్మిది నెలలు ఆమె వణికి చచ్చింది. దాన్నీ ఎవరూ పట్టించుకోలేదు.

అర్పిత బల్ల మీద భూతద్దం పక్కన కాగితం ముక్కల దొంతర ఉంది, అద్దాలు తుడవడానికి. పైనున్న ముక్క మీద పసుపు బొటనవేలి ముద్ర కనిపించింది. దాని కిందే ఎవరో పెన్నుతో 'నాలుగు కాఫీ, ఒకటి చక్కెర లేకుండా' అని రాసుకున్నారు. నాలుక గీసుకోవడానికైనా పనికిరానివని జనం వేటినో అంటారు. ఇవి అద్దాలు తుడవడానికి పనికొచ్చాయి.

"అయితే అశ్వత్థప్ప..." అంది.

"నీ పరీక్షే లేనప్పుడు నీ తప్పని ఎట్ల రాస్తాను?" అన్నాడు శశిధర్. "ఆర్డర్ బుక్‌లో చేతిరాత అతనిది. యోహానుగారికి ఎవరో ఒకర్ని చూపించాలి కదా. నిన్ను చూపించలేను. రికార్డులో నువ్వు హౌస్‌కీపింగ్. ఊడ్చే ఆమె వల్ల చేపలు చచ్చాయంటే నవ్వుతారు." కాస్త ఆగి, ఓదార్పుగా అన్నాడు. "నువ్వేమీ మనసులో పెట్టుకోవద్దు. నీ ప్లేస్ ఎక్కడికీ పోదు. రోజూ వచ్చి ఊరికే కూర్చో."

చీపురు ఇంకొకరి చేతికి పోయిందనుకుంది కదిరమ్మ. కాగితం మీద అది ఎప్పుడూ ఆమె చేతిలోనే ఉంది.

స్టోరులో అశ్వత్థప్ప తాళాలు ఒక్కొక్కటే బల్ల మీద వరుసగా పెడుతున్నాడు. కదిరమ్మ అతని ఎదుట నిలబడి, గదిలో చెప్పిందే మళ్ళీ చెప్పబోయింది. మూడు మాటలు కాకముందే అతను చెయ్యెత్తాడు.

"నాకు తెల్సక్కా."

"ఏం తెల్సు?"

"నాలుక పోయిందని. యుగాదికే తెల్సు. ఆపీసులో బేవు బెల్ల పంచినారు సూడు, అందరూ మొకాలు చిట్లించుకొని బెల్లం యెతుక్కుంటా ఉంటే నువ్వు వేపపూత నములుతా కిటికీ బయట సూస్తావుంటివి. ఆ మీదట నీ చేతిని కనిపెట్టి సూస్తా వచ్చినా. చేదు తెలిసినోళ్ళ చెయ్యి బెల్లానికి ఉరుకుతాది. నీ చెయ్యి యోచన చేసి పోతావుండె."

"మరి పొద్దున అందరి ముందర ఎందుకు జెప్పలేదప్పా?" అంది.

"జెప్తే నిన్ను పంపించేస్తారు గదక్కా. నేనైతే యాడన్నా వాచ్‌మన్‌గానైనా కూర్చుంటా. నువ్వు ఆ బల్ల ఇడిస్తే యాడికి పోతావు?" అతను స్వెట్టరు మడిచి సంచిలో పెట్టుకుంటూ అన్నాడు. "నాలుక పోయిందని తెల్సినాక ఆ మూట నేనే సూసుకోని ఉండాల. పరంగేలే, ఏముంటాది అనుకున్న్యా. సాకు, ఇంక చాలు, ఇడువు."

తన నాలుకకు ఆ షెడ్డులో ఐదేళ్ళుగా విలువే లేదని, లేని బల్లను కాపాడబోయి అతను ఉన్న పని పోగొట్టుకున్నాడని కదిరమ్మ చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది. అతని మొహంలో ఏదో ఒక మంచిపని చేసిన తృప్తి కనిపించింది. అది కూడా లాగేసుకుంటే అతనితో ఇంటికి పోయేది ఖాళీ సంచే. ఆమె నాలుక కరుచుకుంది.

పోతూపోతూ అతను కాగితం పొట్లం ఒకటి ఆమె చేతిలో పెట్టాడు. "నిన్ననే తెచ్చినా. డబ్బాలో పొయ్యి." ఆమె బల్ల దగ్గరకొచ్చి, బెల్లం డబ్బాలో పోసి, మూత పెట్టింది. కొబ్బరిచిప్ప చెంచా కడగాలనుకుని చేతిలోకి తీసుకుంది. ఒక నిమిషం అలాగే పట్టుకుని, కడగకుండానే బల్ల మీద పెట్టేసింది.

ఐదున్నరకు బయటికొచ్చింది. మెట్రో స్తంభం కింద బజ్జీల బండి దగ్గర జనం మూగి ఉన్నారు. ఇరవైమూడేళ్ళుగా ఆ వాసనకు ముక్కు మూసుకుని దాటిపోయిన బండి. ఈవేళ ఆగింది. నాలుక కోసం మానుకున్నదంతా గుర్తొచ్చింది. ఎవరి కోసం? ఏ చేప కోసం? బండివాడు బజ్జీ అందించబోతే వద్దని, పళ్ళెంలో పోసిపెట్టిన పచ్చిమిరపకాయల్లోంచి ఒకటి తీసుకుని, అతను చూస్తుండగానే సగానికి కొరికి నమిలింది.

క్షణంసేపు ఏమీ లేదు. ఆ తర్వాత నోరు భగ్గుమంది. నాలుక, బుగ్గలు, గొంతు అన్నీ మండిపోయాయి. కళ్ళ నుంచి, ముక్కు నుంచి నీళ్ళు కారాయి. రుచి లేదు, ఉన్నదంతా ఒక్క మంటే. బండివాడు కంగారుగా నీళ్ళ చెంబు అందించాడు. ఆమె తీసుకోలేదు. స్తంభాన్ని పట్టుకుని నిలబడింది.

ఘాటు తెలుస్తోంది.

నాలుకకు ఘాటు తెలుస్తోంది. ఎప్పుడూ పోలేదు. ఆయుధపూజ మర్నాడు ఆ పొడి కొరకలేదంటే, అది కొరికే పొడి కాదు కనక. ఇది పరంగి కాదే అని నాలుక ఆ రోజు చెప్పింది. చచ్చిన నాలుకే, మిగిలిన ఒక్క ప్రాణంతో నిజం చెప్పింది. తనే నమ్మలేదు. దాని మాట శశిధర్ వినలేదు, అర్పిత వినలేదు అని మధ్యాహ్నం నుంచీ కుమిలిపోయిందే, అందరికంటే ముందు దాని మాట వినకుండా పోయింది తను. ఆ చెరువు నిండా తేలిన తెల్లటి పొట్టలు కళ్ళముందు కనిపించాయి. వెనక్కి పోయి చెబుదామన్నా ఇప్పుడు వినేవాళ్ళెవరు? మిరపకాయ రెండో సగం కూడా నోట్లో వేసుకుని, ఏడుస్తూ, కారానికే ఏడుస్తోందనుకున్న జనం మధ్యలోంచి బస్సు స్టాపు వైపు నడిచింది.

మర్నాడు కదిరమ్మ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. పది దాటాక కదలాల్సిన మొదటి లోడు తొమ్మిదిన్నరకే కదిలిందని డ్రైవరు సంబరపడ్డాడు. రెండోనాడు మధ్యాహ్నం అర్పిత ఫోన్ చేస్తే స్విచ్ ఆఫ్ అని వచ్చింది. లగ్గెరెలో ఆ గదికి తాళం వేసి ఉందని, సంచి పట్టుకుని కదిరి బస్సెక్కిందని పక్కింటివాళ్ళు చెప్పినట్టు ఎవరో అన్నారు. శశిధర్ ఒక నిట్టూర్పు విడిచి, ఆ మూల కొత్త తూకం మెషీన్ పెట్టిద్దామన్నాడు.

మెషీన్ ఇంకా రాలేదు. బల్ల మీద మూత సరిగా పడని బెల్లం డబ్బా, దాని పక్కన అంచు అరిగిపోయి, పచ్చటి పొడి ఎండి అంటుకుపోయిన కొబ్బరిచిప్ప చెంచా అలాగే ఉన్నాయి. కిటికీ సందులోంచి దిగిన చీమలబారు డబ్బా వైపు తిన్నగా వచ్చి, చెంచా దగ్గర ఒక్క క్షణం ఆగి, దాన్ని తాకకుండా చుట్టు తిరిగి పోతోంది.